బద్లీ రాయమల్లు మనవడు పండరి

మా పండరి గెలుచుకున్న మొదటి వస్తువు ఒక బెంచీ మీద చోటు. దేశమంతా టీవీలో చూసే బాస్కెట్‌బాల్ లీగులో హైదరాబాద్ జట్టు కోసం వాడు మూడేండ్లు వరుసగా ఎంపికలకు పోయాడు. మూడుసార్లూ సంచి భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. నాలుగో ఏట పేర్లు చదువుతుంటే, అందరి పేర్లూ అయిపోయాక చిట్టచివర వాని పేరు వచ్చింది. ఆ చోటు సంపాదించడానికి ఎంత చెమటోడ్చిందీ వరంగల్ కొత్తవాడలో మా మరమగ్గాల గల్లీ మొత్తానికి తెలుసు.

పదో తరగతిలో జిల్లా జట్టు, ఇంటర్‌లో రాష్ట్ర జట్టు, డిగ్రీలో యూనివర్సిటీ జట్టుకు కెప్టెన్. రెండు వెండి పతకాలు, ఒక కంచు పతకం. వాని పెద్దనాయినను గనుక ఎక్కువ చేసి చెబుతున్నానని ఎవరికైనా అనిపిస్తే వాని తండ్రి, మా తమ్ముడు వెంకటరాజం ఇంటికి రావచ్చు. దేవుని పటాల పక్కనే వేలాడుతున్నాయి. నేను ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను. ఆ పతకాల మీదివి మాత్రం చూడకుండా చెప్పగలను.

వాడు ఆట నేర్చుకున్న బడి మైదానంలో ఇనుప రింగు ఉండేది, దానికి వల లేదు. మా నాయిన రాయమల్లు ఇంట్లో జంపఖానాలు నేయగా మిగిలిన దారంతో వల అల్లి కట్టాడు. నీలం, ఎరుపు కలిసిన దారం. బంతి అందులో పడితే మెత్తగా, దుప్పటి దులిపినట్టు చప్పుడయ్యేది.

మా నాయిన గురించి ఇక్కడ కొంత చెప్పాలి. ఆయన బట్టల మిల్లులో బద్లీ. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, ఆ రోజు ఎవరు రాకపోతే వాళ్ల మగ్గం మీద పనిచేసే మనిషిని బద్లీ అనేవారు. ఒకరికి జ్వరం వస్తేనే ఇంకొకరికి కూలి. అందుకని బద్లీలు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఎవరి మగ్గం మీద పనిచేశాడో, సాయంత్రం వాళ్ల ఇంటికి పోవాలి. మంచం పక్కన కూర్చుని మగ్గం ముచ్చట చెప్పాలి. ఎంత గుడ్డ దిగింది, దారం ఎక్కడ తెగింది, అంతా చెప్పి, వాళ్లింట్లో నీళ్లు తాగి రావాలి. ఆ నీళ్లు తాగితేనే ఆ రోజు కూలి తనదయినట్టు.

మా నాయిన ఒక్కసారి మాత్రం పోలేదు. వాన పడుతోందని ఆగిపోయాడు. ఆ మగ్గం మనిషి జ్వరంతోనే చనిపోయాడు. ఆ మగ్గం నాయినకు పర్మినెంటు అయింది. అందరూ అదృష్టవంతుడన్నారు. కానీ అప్పటినుంచి మగ్గాలు ఆగి గల్లీ ఒక్కసారిగా నిశ్శబ్దమైతే చాలు, ఆయన తల ఎత్తి గుమ్మం వైపు చూసేవాడు. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. "వస్తాన, వస్తాన" అని, ఎవరో పిలిచినట్టు, మెల్లగా అనేవాడు. ఆయన పోయేదాకా అంతే. చిన్నతనంలో పండరి ఆయన ఒళ్లోనే పెరిగాడు.

ఇక పండరి ఆట సంగతి. బాస్కెట్‌బాల్‌లో ఒక్కొక్కరికి ఒక్కొక్క చోటు ఉంటుంది. మావాడికి చోటు లేదు, అన్ని చోట్లా ఆడతాడు. బంతి నడిపించమంటే నడిపిస్తాడు, దూరం నుంచి వేయమంటే వేస్తాడు, తనకంటే ఎత్తైనవాణ్ణి అడ్డుకోమంటే అడ్డుకుంటాడు. వాళ్ల కోచ్ రాజేశ్వర్ రావు సార్ ఒకసారి నాతో, ఇలాంటి ఆటగాడు ఒకడుంటే ముగ్గురు ఉన్నట్టేనని అన్నారు. అయినా వాని చోటు బెంచీయే. వాడు ఆటలోకి దిగాలంటే ఎవరైనా అలిసిపోవాలి, లేదా పడిపోవాలి.

మా గల్లీలో కట్టయ్య చాయ్ హోటల్ ఉంది. అక్కడ కుర్రాళ్లందరి ఫోన్లలో ఒక ఆట నడుస్తుంది. లీగులోని ఆటగాళ్లను ఏరుకుని ఎవరి జట్టు వాళ్లు కట్టుకోవాలి. మ్యాచ్‌లో వాళ్లు నిజంగా ఆడినదాన్ని బట్టి పాయింట్లు వస్తాయి. పైసల పందెం లేదు. ఓడినవాడు అందరికీ చాయ్ తాగించాలి. కట్టయ్య బిడ్డ సింధు డిగ్రీ చదువుతుంది, అందులో ఆమెను మించినవాళ్లు లేరు. పండరి విలువ ఏమిటో నాకు వివరించింది ఆమెనే. వాడు బెంచీ మనిషి గనుక చవకగా దొరుకుతాడట. మూడు రకాల చోట్లలో దేనిలోనైనా పెట్టుకోవచ్చట. జట్టులో ఎవరైనా గాయపడ్డ మరుక్షణం వాని విలువ లేస్తుందట.

"అంటే ఎవడో ఒకడు కిందవడాలె గదా బిడ్డా," అన్నాను.

"అవు పెదనాయినా. గందుకే గాయాల ఖబర్ అందరికన్నా ముందు నేనే చూస్త," అంది సింధు, నవ్వుతూనే.

కట్టయ్య గల్లా దగ్గర నుంచి, "ఎవలు వడ్డా ఎవలు లేసినా నా చాయ్ అయితే అమ్ముడువోతాంది," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మొన్నటి సెప్టెంబరులో అది జరిగింది. జట్టులో మల్లికార్జున్ అని కేసముద్రం అబ్బాయి ఉన్నాడు. పండరి కన్నా పెద్దవాడు, వాడిని తమ్ముడిలా చూసుకునేవాడు. కోర్టులో ఎడమ మూల అతని చోటు. అక్కడి నుంచి బంతి వేస్తే తప్పడం అరుదు. ఆ రోజు అక్కడి నుంచే ఎగిరి బంతి వేసి, కిందికి దిగుతుంటే మోకాలు తిరిగిపోయింది. నేను టీవీలో చూశాను. నాకు చప్పుడు వినిపించలేదు. బెంచీ మీద ఉన్న పండరికి మాత్రం మగ్గం కర్ర విరిగినట్టు వినిపించిందట.

మల్లికార్జున్‌ను స్ట్రెచర్ మీద తీసుకుపోయారు, పండరి లోపలికి దిగాడు. ఆ రోజు వాడు ఆడిన ఆట వాని జీవితంలోనే పెద్దది. ఓడిపోతున్న జట్టును గెలిపించాడు. మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు వాడే. పేపర్లో ఫోటో పడింది. వాణ్ణి పెట్టుకున్న సింధు తప్ప గల్లీలో అందరూ ఓడారు, కట్టయ్యకు పాలు చాలలేదు.

మరునాడు సాయంత్రం మేము నేతగాళ్ల సంఘం భవనంలో సన్మానం పెట్టాము. శాలువా, పూలదండ, బాజాలు. దవాఖానకు పోవాలి, మల్లన్నను చూడాలి అని పండరి ఫోన్‌లో అన్నాడు. అందరూ ఎదురుచూస్తున్నారు, దవాఖానకు ఎల్లుండైనా పోవచ్చని పెద్దలు చెప్పారు. వాడు వచ్చాడు. ఆ ఎల్లుండి వచ్చేసరికే మల్లికార్జున్‌ను ఊరికి తీసుకుపోయారు. ఆ తర్వాత మ్యాచ్‌ల మీద మ్యాచ్‌లు వచ్చాయి.

ముందుగా పసిగట్టింది సింధు. పండరి పాయింట్లు తగ్గుతున్నాయి. ఎందుకా అని చూస్తే, వాడు ఎడమ మూలలో నిలబడడం లేదు. ఆట అక్కడికి తీసుకుపోయినా చుట్టూ తిరిగి వస్తున్నాడు, అక్కడెవరో పడుకుని ఉన్నట్టు. చాయ్ తాగుతూ ఆమె ఈ మాట అంటే ఎవరూ నవ్వలేదు. అక్టోబరులో ఒక మ్యాచ్‌లో బంతి కోసం ఎగిరాడు. దిగాల్సింది సరిగ్గా ఆ మూలలో. గాలిలోనే ఒళ్లు పక్కకు తిప్పుకున్నాడు. చీలమండ ఎముక విరిగింది.

కట్టు కట్టి ఇంటికి పంపించారు. వాని తల్లి యాదవ్వ మేడారం సమ్మక్కకు మొక్కుకుంది, కాలు నయమైతే కొడుకు ఎత్తు బంగారం తూస్తానని. మేము బంగారం అనేది బెల్లాన్నే. "ఆరడుగులు దాటిన పోరనికి ఎత్తు బంగారం మొక్కితివి, జాతరకు లారీ మాట్లాడమంటవా వదినె," అని కట్టయ్య అడిగితే ఆమె చాలా రోజుల తర్వాత నవ్వింది.

పండరి మాత్రం నవ్వలేదు. ఎముక అతుక్కుంటోందని డాక్టర్లు చెప్పారు. కాలు కదిలించే కసరత్తు మొదలుపెట్టమన్నారు. వాడు పెట్టలేదు. కోచ్ సార్ ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇక ఆడనని, తండ్రి పక్కన మగ్గం నడుపుతానని అన్నాడు. ఇన్నేండ్ల కష్టం, ఆ పతకాలు, ఆ బెంచీ, అంతా ఒక్క మాటతో పోయేలా ఉంది. వెంకటరాజం లేచి బయటికి పోయాడు.

ఆ రోజే మధ్యాహ్నం కరెంటు పోయింది. గల్లీలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. మంచం మీదున్న పండరి తల ఎత్తి గుమ్మం వైపు చూశాడు. "వస్తాన," అన్నాడు.

యాదవ్వ చేతిలోని చాట కింద పెట్టేసింది. నా వైపు చూసింది. పండరి చూసిన ఆ చూపు, ఆ మాట మా ఇద్దరికీ తెలిసినవే.

"ఎవలితోని మాట్లాడుతానవు బిడ్డా?" అని అడిగింది.

"ఎవలు లేరమ్మా. మల్లన్న మోకాలు చప్పుడు. మగ్గాలు ఆగితే ఇనవడుతది."

"నువ్వు ఆయన ఇంటికి వోయి నీళ్లు తాగలే," అంది యాదవ్వ. "మీ తాత లెక్కనే. లే, పోదాం."

మరునాడు పొద్దున రైలులో కేసముద్రం పోయాము, యాదవ్వ, నేను, చంకకర్రల మీద పండరి. మార్కెట్ యార్డు వెనుక వీధిలో వాళ్ల ఇల్లు. దారంతా పత్తి బస్తాల బండ్లు. మల్లికార్జున్ వాకిట్లో మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. అతని భార్య రమ మాకు కుర్చీలు వేసింది. పండరి కూర్చోలేదు, కర్రల మీద అలాగే నిలబడ్డాడు.

"ఇన్ని దినాలకు యాదికొచ్చిన్నా తమ్మీ," అన్నాడు మల్లికార్జున్.

మల్లికార్జునే మళ్లీ అందుకున్నాడు. తాను మంచం పట్టినప్పటి నుంచి రమతో పోటీగా ఫోన్‌లో ఆ ఆట ఆడుతున్నాడట. ప్రతి మ్యాచ్‌కీ మొదట పండరినే పెట్టుకునేవాడట. "నా జాగల నువ్వు ఆడుతానవు గదా, నీ పాయింట్లు నాయే అనుకున్న. ఏడొచ్చినయి. రోజు రమ మీద ఓడిపోయి, ఒంటికాలు మీద నిలవడి చాయ్ నేనే పెట్టవడితి."

"అది చాయా, వేడినీళ్లు," అంది రమ లోపలి నుంచి.

"ఆ మూలకు ఎందుకు పోతలేవురా?" అని అడిగాడు మల్లికార్జున్.

"ఆడ నీ మోకాలు చప్పుడు ఇనవడుతాందన్నా," అన్నాడు పండరి.

మల్లికార్జున్ తన కాలు చూసుకున్నాడు. తర్వాత చెప్పాడు, తనకు ఆ చప్పుడు గుర్తే లేదని. బంతి చేతిలో నుంచి పోవడం ఒక్కటే గుర్తుంది. కిందపడ్డాక కళ్లు తెరవలేదు. ఆ వీడియో చూడమని ఎందరో పంపారు, తన మోకాలు తాను చూడలేక తెరవలేదు.

"ఆ బంతి రింగుల వడ్డదారా?" అని అడిగాడు. "లెక్కయితే ఫోన్ల ఉన్నది. కని ఎవడన్న మనిషి వచ్చి చెప్తడేమోనని చూసిన. ఒక్కడు రాకపాయె."

పండరి కర్రలు గోడకు ఆనించి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. మా నాయిన ఎట్లా కూర్చునేవాడో, అలాగే.

"వడ్డదన్నా. రింగుకు తాకలే. వల దారమొక్కటే కదిలింది. నువ్వు కిందవడ్డంక గూడ అది ఊగుతనే ఉండె, నేను సూసిన."

మల్లికార్జున్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. రమ చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. అతను, డాక్టర్లు నడవొచ్చన్నారని, ఆడడం కుదరదన్నారని చెప్పాడు.

"ఆ మూల ఊకెనే ఖాళీగ ఉంచకురా. ఆడు. ఆడి, వచ్చి చెప్పు."

రమ అందించిన నీళ్లు పండరి తాగాడు. చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాడు.

రైలులో తిరిగి వస్తుంటే చప్పుడు పోయిందా అని అడిగాను. పోలేదన్నాడు. మా నాయినకూ పోలేదు, వీడికి పోతుందని నేను చెప్పను. ఇప్పటికీ కరెంటు పోతే వాడు గుమ్మం వైపు చూస్తాడు. కానీ మరునాటి నుంచే కసరత్తు మొదలుపెట్టాడు. కోచ్ సార్‌కు తానే ఫోన్ చేశాడు. ఇప్పుడు కర్రలు లేకుండా నడుస్తున్నాడు. పొద్దున్నే బడి మైదానానికి పోతాడు. అక్కడ ఎడమ మూలలో బంతి పట్టుకుని నిలబడతాడు. కొన్ని రోజులు వేస్తాడు, కొన్ని రోజులు వేయకుండానే తిరిగి వస్తాడు.

నిన్న సింధు ఫోన్ తెచ్చి చూపించింది. ఆ ఆటలో మల్లికార్జున్ పేరు తీసేశారు. పండరి పేరు పక్కన, గాయపడ్డాడని చెప్పే ఎర్ర గుర్తు ఇంకా ఉంది. చవకగా ఉన్నాడని ఆమె ఇప్పుడే తన జట్టులో పెట్టుకుందట. కేసముద్రంలో ఇంకొకాయన కూడా పెట్టుకుని ఉంటాడు. ఎర్ర గుర్తు కింద, వాడు తిరిగి ఆడతాడని అనుకుంటున్న రోజు వేశారు. ఆదివారం, జనవరి పద్దెనిమిది.