అంకమ్మరావు విమానానికి కన్ను పెట్టిన వైనం

అంకమ్మరావు కళ్ళారా చూడందే దేన్నీ నమ్మడు. "ఏమండీ, వానొస్తోంది, బట్టలు తీయండి" అని భార్య సుబ్బరావమ్మ వంటింట్లోంచి కేకేస్తే, నిజంగా వస్తోందో లేదో చూడ్డానికి వాకిట్లో నిలబడి, బట్టలతోపాటు తనూ తడిసి, "అవునే, వస్తోంది" అని తీరిగ్గా చెప్పే రకం. కరెంటు పోయిందంటే చీకట్లో తడుముకుంటూ వెళ్ళి స్విచ్చి నొక్కి చూస్తాడు. నల్లపాడులో పెదనాన్న పోయాడని ఫోనొచ్చి ఇంటిల్లిపాదీ గొల్లుమంటే, "ఆగండెహె, చూశాక ఏడుద్దాం" అన్నాడు. చూశాక ఆయన ఏడ్చిన ఏడుపుకి ఊరుకోబెట్టడం ఎవరి తరమూ కాలేదు, అది వేరే సంగతి.

"పెళ్ళిచూపుల్లో నేనూ ఇంత పరీక్షగా చూసుంటే బాగుండేది" అని సుబ్బరావమ్మ రోజూ అనుకునేది.

ఇది చాలదన్నట్టు ఆయనకి బొమ్మ విమానాల పిచ్చి. ఫ్రిజ్జుతో వచ్చిన థర్మోకోల్ కోసి, గుంటూరు నుంచి మోటారు తెప్పించి, రిమోటు పట్టుకుని మిరపచేల మీద ఎగరేసేవాడు. ఎవరైనా "మందు కొట్టే డ్రోనా బాబాయ్?" అంటే ఆ పూట వాళ్ళతో మాట్లాడేవాడు కాదు.

ఆ ఏడు నాగేంద్రబాబు కల్లంలో మిరపకాయలు తగ్గాయి. చేలో ట్రాలీ నిండా ఎత్తిన కాయ కల్లంలో పోస్తే వెలితిగా కనిపిస్తోంది. కల్లం కాపలా జక్రయ్యది. "వాడే" అన్నాడు నాగేంద్రబాబు. మధ్యాహ్నానికల్లా ఊరంతా "వాడే" అంది. చెప్పొద్దూ, పంపు దగ్గర నలుగురూ అంటుంటే సుబ్బరావమ్మ నోరూ ఊరుకోలేదు. దొంగ అనిపించుకున్నవాణ్ణి కాపలాకి ఎవరు పెట్టుకుంటారు? జక్రయ్య మర్నాడు సాయంత్రం బస్సుకి పెళ్ళాం బిడ్డలతో దర్శి వెళ్ళిపోవడానికి మూటలు కట్టుకున్నాడు.

"జక్రయ్య దొంగతనం చేశాడటండీ!"

"నువ్వు చూశావా?"

"నేనెందుకు చూస్తానూ? నాగేంద్రబాబు చెప్పాడు."

"వాడు చూశాడా?"

"అబ్బబ్బ, మీతో వేగలేను బాబూ!"

మర్నాడు పొద్దున్నే అంకమ్మరావు అగ్గిపెట్టెంత కెమెరా బయటికి తీశాడు. ఆన్‌లైన్లో అన్నిటికంటే చవకది. సుబ్బరావమ్మ జడకి పెట్టుకునే రబ్బరు బ్యాండ్లతో దాన్ని విమానం ముక్కుకి బిగించాడు. మొదటిసారి ముందు వెనకలు తారుమారై, వీడియో నిండా విమానం తోకే కనిపించింది. రెండోసారి ముక్కు బరువెక్కి నేరుగా వెళ్ళి వంకాయ మడిలో దిగబడింది. బ్యాటరీ వెనక్కి జరిపాడు. మూడోసారి మోటారు అదురుకి ఊరు ఊరంతా పూనకం వచ్చినట్టు ఊగింది. చరచరా వంటింట్లోకి వచ్చి స్పాంజీ ముక్క కోసుకుని కెమెరా కింద పెట్టాడు.

"అయ్యో, అది అంట్లు తోమేదండీ!"

"ఇవాళ ఇంకో మకిలి తోముద్దాంలేవే."

పొద్దు వాలుతుండగా, ఈసారి విమానం గద్దలా లేచింది. నాగేంద్రబాబు చేను, కల్లం, మధ్యలో అంకమ్మరావు పత్తిచేను, అన్నిటినీ చుట్టి వచ్చి కాళ్ళ దగ్గర బుద్ధిగా వాలింది. వీడియో ఫోన్లోకి ఎక్కించి చూస్తూ అంకమ్మరావు గుడ్లప్పగించాడు. సుబ్బరావమ్మ తొంగి చూసింది. పత్తి తీత అయిపోయి ఎవరూ అడుగుపెట్టని చేలో, ఛాతీ ఎత్తు పత్తికట్టె మధ్య, నల్లరేగడి మీద ఈ కొస నుంచి ఆ కొసకి సన్నగా ఎర్రటి గీత. పాపిట్లో కుంకుమ దిద్దినట్టుంది.

"మిరపకాయలే!" అని అరిచిందావిడ.

ఆ కేకకి నాగేంద్రబాబుతో సహా ఊళ్ళో అందరూ చేలోకి పరిగెత్తారు. ట్రాక్టరు చక్రాల జాడ మధ్య దారి పొడుగునా కాయలే. కల్లంలో ఉన్న ట్రాలీ దగ్గరికెళ్ళి చూస్తే వెనక డోరు వంగి, జానెడు సందు నోరు తెరుచుకుని ఉంది. కాలవగట్టు చుట్టూ తిరగడం బద్ధకమై, పాటలు గట్టిగా పెట్టుకుని, అడ్డదారిన తోలింది సాక్షాత్తూ నాగేంద్రబాబే.

"నా పత్తిచేలోంచా!" అన్నాడు అంకమ్మరావు. ఊరందరినీ "చూశావా" అని అడిగే మనిషి సొంత చేను చూసుకోలేదని జనం పగలబడి నవ్వారు. ఆయనా నవ్వాడు. "సరేలేరా నాగేంద్రా, నా చేను సంగతి తర్వాత. బస్సొచ్చే వేళయింది, ముందు జక్రయ్యకి చెప్పాల్సింది చెప్పు."

నాగేంద్రబాబు మొహం మిరపపండైంది. బస్సు కోసం నిలబడ్డ జక్రయ్యని పిలిపించి, "తప్పయిపోయింది జక్రయ్యా, వెళ్ళొద్దు" అన్నాడు, అందరూ వినేలా.

సుబ్బరావమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఈ మనిషి ఎవరి మాటా నమ్మడని ఇన్నేళ్ళూ సణిగింది. ఎవరి గురించీ చెడ్డ మాట నమ్మడని ఇప్పుడే తెలిసింది. "నేనూ అన్నాను జక్రయ్యా, నా నోరు పడిపోను" అంటూ అతని భార్య చేతిలో మూట తనే అందుకుంది.

నాగేంద్రబాబు పంచె ఎగ్గట్టి, తుమ్ముకుంటూ, వంగి కాయలు ఏరడం మొదలుపెట్టాడు. జక్రయ్య కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. కాసేపు చూశాడు.

"బాబుగారూ, ఎడంపక్కన ఒకటి వదిలేశారు."