సున్నపు లొట్టి

రాజమండ్రి చుట్టుపక్కల మంచి కల్లు ఎక్కడ దొరుకుతుందో నన్నడగండి, చెప్తాను. ఆడదానివి నీకెలా తెలుసని మాత్రం అడక్కండి, ఒళ్ళు మండుతుంది. కాయలు కాయని పోతుతాటి కల్లు రుచి వేరు, కాసే పండుతాటి కల్లు రుచి వేరు. తెల్లారి దించింది తియ్యగా, నాలిక మీద చిటపటలాడుతుంది. పొద్దెక్కేకొద్దీ పులిసి తలకెక్కుతుంది. చెట్టుకు కట్టే కుండని లొట్టి అంటారు. ఆ లొట్టి లోపల సున్నం పూసి కడితే కల్లు పులవదు, మత్తెక్కదు, చంటిపిల్లలకైనా పట్టొచ్చు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు జనం. మా ఊళ్ళో ఎవరూ పాలు తాగామని బుకాయించరు. మా నాన్న తాటిచెట్లు గీసేవాడు.

ఈ ఒక్క ముక్క పైకి అనడానికి నాకు చాలా కాలం పట్టింది. రెండువేల సంవత్సరం దాటాక రాజమండ్రిలో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. చేరిన వారంలోనే మేనేజరుగారు, "మీ నాన్నగారేం చేస్తారమ్మా?" అని అడిగారు. "కొబ్బరితోటండి" అన్నాను. నోరు జారి కాదు, కావాలనే అన్నాను. అమ్మ పోయాక నన్ను ఒక్కచేత్తో పెంచి, డిగ్రీ చదివించిన మనిషిని 'కల్లు' అనే రెండక్షరాలకి సిగ్గుపడి మార్చేశాను.

అంతటితో ఆగానా? ఒకరోజు నాన్న కొవ్వూరు బస్సు దిగి తిన్నగా ఆఫీసుకి వచ్చేశాడు. చేతిలో లొట్టి, మూతికి తాటాకు కట్టి ఉంది. సున్నపు లొట్టే, చిన్నప్పట్నుంచీ పొద్దున్నే నాకోసం విడిగా దించేది. వాచ్‌మన్ నన్ను గేటు దగ్గరికి పిలిచి "ఎవరండీ ఈయన?" అన్నాడు. వెనక మెట్ల మీద ఆఫీసువాళ్ళు నిలబడి ఉన్నారు. "మా తోటలో పనిచేసే ఆయన" అన్నాను. నాన్న విన్నాడు. లొట్టి గోడవార దించి, తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ లొట్టి ముట్టుకోలేదు. వాచ్‌మన్‌ని తాగెయ్యమన్నాను.

తరవాత ఏడాదిపాటు ఊరికి వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? గోదావరి దాటితే మా ఊరు, అయినా వెళ్ళలేదు.

ఏడాది తిరిగి వేసవి మొదలవుతుండగా బెంగుళూరు నుంచి ఒక కంప్యూటర్ల ఇంజనీరు మా ఆఫీసుకి వచ్చాడు. జర్మనీలో కొన్నాళ్ళు ఉండొచ్చాడట. అక్కడ ఊరికో బీరుట, ఎవరి బీరు వాళ్ళే కాచుకుంటారుట, ఈయన అన్నీ రుచి చూసి పుస్తకంలో రాసుకున్నాడట. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పితే చాలు, ఇదే గోల. "మీ ఊరి సరుకు ఏంటండి? కల్లేనా? అది రుచి చూడకుండా వెళ్ళను" అని కూర్చున్నాడు. "నీకేమైనా తెలుసా అమ్మా?" అని మేనేజరుగారు నావైపు తిరిగారు. "నాకెలా తెలుస్తుందండి!" అన్నాను, ఆడపిల్లనని గుర్తుచేసినట్టు మొహం పెట్టి.

ఆదివారం అందరం జీపులో పట్టిసీమ వెళ్ళాం. తెల్లారగట్లే బయల్దేరి, వీరభద్రుడి దర్శనం చేసుకుని, తొమ్మిదిన్నరకి తిరుగుముఖం పట్టాం. దారిలో డ్రైవరు, "కల్లు కావాలన్నారు కదండీ, నాకు ఎరికైన తాటితోపుంది" అని బండి మలుపు తిప్పాడు. ఆ మలుపు నాకు తెలుసు. మా ఊరి తోపు. పరవాలేదులే, నాన్న ఎనిమిదింటికల్లా దిగి ఇంటికి పోతాడు అనుకున్నాను.

పోలేదు. జీపు ఆగేసరికి ఎదురుగా చెట్టు మీంచి దిగుతున్నాడు. నడుముకి మోకు, మొలలో కత్తి. చిక్కిపోయాడు. నేల మీద కాలుపెట్టి తలెత్తి నన్ను చూశాడు.

"దండాలండి అమ్మగారూ!" అన్నాడు. "బాగున్నారా అండి? నన్ను మర్చిపోయారేమో, మీ తోటలో పనిచేసేవోణ్ణండి."

దెబ్బ కొడితే తట్టుకునేదాన్ని. నాలుగు తిట్టినా బాగుండేది. నా అబద్ధాన్ని నాకంటే భద్రంగా దాచాడు ఆ మనిషి. మేనేజరుగారు "అయితే ఇది మీవాళ్ళ ఊరేనా అమ్మా!" అని సంబరపడ్డారు.

నాన్న అందరికీ తాటాకు దొప్పలు కట్టిచ్చాడు. ఏ చెట్టు కల్లు ఎలా ఉంటుందో ఓపిగ్గా చెప్తూ పోశాడు. ఇంజనీరు ఒక్కో గుక్క తాగడం, కళ్ళు మూసుకోవడం, పుస్తకంలో రాసుకోవడం. "ఆయ్, అది పోతుతాటిదండి, కాస్త పలచగుంటదండి" అంటున్నాడు నాన్న. నా దగ్గరికొచ్చి, పక్కన విడిగా పెట్టిన లొట్టి వంచాడు. "మీరు ఇది తాగండమ్మా, తీపిది."

డ్రైవరు నవ్వాడు. "ఈ బాబాయికి పిచ్చండి. నేను వచ్చినప్పుడల్లా చూస్తున్నా, రోజూ ఒక్క లొట్టికి సున్నం పూసి కడతాడు. తీపిది ఇక్కడెవరూ అడగరండి. ఎండెక్కేదాకా దాని దగ్గరే కూర్చుంటాడు, తరవాత చెట్టు మొదట్లో పారబోసి ఇంటికి పోతాడు. ఎవరికయ్యా అంటే చెప్పడు."

నా చేతిలో దొప్ప ఒలికింది.

"నాకండి" అన్నాను. "నాకోసమే. ఈయన మా నాన్న. కొబ్బరితోటా లేదు, నా మొహమూ లేదు. అబద్ధం చెప్పానండి."

అందరూ నోళ్ళు తెరిచి చూశారు. నాన్న మొహం నల్లబడిపోయింది. గబగబా మేనేజరుగారి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"అమ్మగారికి ఎండదెబ్బ తగిలినట్టుందండి. ఏదో అంటన్నారు. మీరేం అనుకోకండి. ఉద్యోగం చేసే పిల్లండి."

మేనేజరుగారు "సోమవారం లేటయినా పరవాలేదమ్మా, నిదానంగా రా" అని అందర్నీ జీపెక్కించారు. నేను ఎక్కలేదు.

దుమ్ము సర్దుకునేదాకా నాన్న అటే చూస్తూ నిలబడ్డాడు. తరవాత నా పక్కన కూలబడి, ఒలికిన దొప్ప నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ నింపాడు.

"బుద్ధుందటే నీకు? అంతమందిలో అలా అనేస్తారా?" అన్నాడు. నేను ఏడుస్తుంటే తువ్వాలు నా చేతిలో పెట్టాడు. తరవాత చెట్టువైపు చూస్తూ, ఏడాదిగా దాచుకున్న మాట అడిగాడు.

"ఆ రోజు గేటుకాడ లొట్టి పెట్టెళ్ళా కదే. నీకందిందా?"

"అందింది నాన్నా" అన్నాను. "అంతా నేనే తాగాను. తియ్యగా ఉంది."

నాన్న మొహం విప్పారింది. "నేననుకున్నా, అందే ఉంటదని" అన్నాడు.