పంచి దాచే అమ్మమ్మ

ఏ వస్తువైనా మొత్తం ఒక్కచోటే ఉంటే మా అమ్మమ్మకు మనసు కుదురుగా ఉండదు. దాన్ని పంచాలి, మూతలు పెట్టాలి, తేదీ వేయాలి, నాలుగు చోట్ల దాచాలి. ఇంట్లో కూర ఏడు గిన్నెల్లో ఉంటుంది. సబ్బు ముక్కలై నాలుగు అలమరాల్లో ఉంటుంది. ఒకసారి తాతయ్య కళ్ళజోడు కనిపించకపోతే, ఒక్కో అద్దం ఒక్కో డబ్బాలో ఉందేమో చూడమన్నాను. పాపం, నిజంగానే డబ్బాలన్నీ వెతికాడు.

ఈ జబ్బు ఆమెకు తను పనిచేసే ల్యాబ్‌లో అంటుకుంది. అక్కడ ఆమె బ్యాక్టీరియా చేత మనిషి ప్రొటీన్ ఒకటి తయారు చేయిస్తుంది. షుగరు ఉన్నవాళ్ళ క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాలు చచ్చిపోతుంటాయట. ఈ ప్రొటీన్ తగిలితే మళ్ళీ పెరుగుతాయేమో చూడాలట. పదో తరగతి మూడుసార్లు రాసిన నాకు అంతవరకే ఎక్కింది. అయినా చూస్తానని ప్రాణం తీసి, ఒకరోజు ఆమె వెంట వెళ్ళాను.

దేన్నీ ముట్టుకోవద్దని చెప్పి అమ్మమ్మ భోజనానికి వెళ్ళింది. ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. సాయం చేద్దామనిపించింది. బల్ల మీద మజ్జిగలా ఉండి కంపు కొడుతున్న సీసా ఒకటుంది. గొప్ప సరుకు అదేననుకుని దాని జోలికి పోలేదు. పక్కన మంచులో గుచ్చిన గొట్టంలో మంచినీళ్ళలాంటివేవో ఉంటే పారబోసి, గొట్టం తళతళలాడేలా కడిగి బోర్లించాను.

మూడు వారాలు తంటాలు పడి శుద్ధి చేసిన ప్రొటీన్ అది. నాలుగింటికి కణాల మీద వేయాలి. తప్పితే మళ్ళీ అలాంటి కణాలు దొరికేది ఆరు నెలలకట.

భోజనం చేసి వచ్చిన అమ్మమ్మ బోర్లించిన గొట్టం చూసింది. అంతలో ల్యాబ్ పెద్దాయన వచ్చి ప్రొటీన్ ఏదని అడిగాడు. ఇంట్లో ఆగకుండా వాగే నేను పైకప్పు వంక చూశాను.

"పారబోశానండీ, నేనే," అంది అమ్మమ్మ.

ఆయన పుస్తకంలో రాసుకుని వెళ్ళాడు. నాకు బల్ల కింద దూరాలనిపించింది.

ఆమె ఫ్రీజరు అడుగు నుంచి ఒక డబ్బా తీసింది. అదే ప్రొటీన్, ఎనిమిది చిట్టి గొట్టాల్లో. డబ్బా మీద నిన్నటి తేదీ, దాని కింద 'మనవరాలు వస్తోంది' అని.

"అంత నమ్మకం లేనప్పుడు నన్నెందుకు తెచ్చావు, అమ్మమ్మా?"

"చూడాలని ఉందన్నావు కదే."

నాలుగింటికి ప్రొటీన్ కణాల మీద పడింది. నేను మాత్రం తలెత్తలేకపోయాను. చివరికి పెద్దాయన గదికి వెళ్ళి, పారబోసింది నేనని చెప్పేశాను.

"తెలుసమ్మా," అన్నాడాయన. "రేపు మా పిల్ల ఏం పారబోసినా నా పేరే రాసుకోండని మీ అమ్మమ్మ నిన్ననే చెప్పి వెళ్ళింది."

నా తప్పుకు కూడా ముందే మూత పెట్టి, తేదీ వేసి ఉంచిందన్నమాట.