నాయనమ్మ ఓటరు స్లిప్పు

నన్ను ఎంత తిట్టినా తక్కువేనని మీరే ఒప్పుకునే ఘనకార్యం ఒకటి చెబుతాను. ఒకే ఎన్నికలో, నాకు గిట్టని పార్టీకి నాలుగు ఓట్లు వేయించి, నా పార్టీకి పడాల్సిన ఓటును పుస్తకంలో దాచిపెట్టాను.

అప్పుడు యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రంలో పరిశోధన వెలగబెడుతున్నాను. సంప్రదాయం పేరు చెప్పి ఓట్లడిగే పార్టీని మోస్తున్నది ముసలివాళ్లేనని, కుర్రకారు బూత్‌కు వస్తే దాని దుకాణం మూతపడుతుందని నా సిద్ధాంతం. ఒక్క మనిషినైనా అడిగితే ఒట్టు. క్యాంటీన్‌లో మూడు చాయ్‌లు తాగేలోపు తేల్చేశాను.

తార్నాకలో మా ఇంట్లో నాయనమ్మ ఉండేది. పూజలూ, ఉపవాసాలూ చేసే మనిషి ఓటు ఎటో వేరే చెప్పాలా? ఇంటికొచ్చిన ఆమె స్లిప్పును నా లావుపాటి పుస్తకంలో దోపాను. పోలింగ్ నాటి పొద్దున ఆమె గంజిచీర కట్టుకుని తయారయ్యాక, లిస్టులో పేరు లేదని చెప్పాను. పాపం, నమ్మి చీర మార్చుకుంది.

ఆ తర్వాత హాస్టల్‌లో నిద్రపోతున్న నలుగురు జూనియర్లను లేపి, రెండు ట్రిప్పుల్లో బండి మీద బూత్‌కు చేర్చాను. సాయంత్రం చాయ్ ఇప్పిస్తూ, మార్పుకే వేశారు కదా అని అడిగాను.

"పద్ధతి, క్రమశిక్షణ అంటున్నరు కదన్నా, గా పార్టీకే వేసినం," అన్నాడొకడు నింపాదిగా. "ముందుగాల నువ్వు అడగనే లేదు."

ఒళ్లు మండిపోయింది. కనీసం ముసలావిడ ఓటు ఆపానని సర్దిచెప్పుకుంటూ ఇంటికొస్తే, నాయనమ్మ స్లిప్పు పట్టుకుని గుమ్మంలో ఉంది. టేబుల్ సర్దుతుంటే అప్పుడే పుస్తకంలోంచి జారిందట.

"ఎందుకు దాచినవ్?"

ఎవరికి వేస్తావో నాకు తెలుసని గొణిగాను.

"ఏం తెలుసురా నీకు? ఆడోళ్లు ఇంట్లనే ఉండాలె అనేటోళ్లకు నేనేస్తనా? ముప్పై ఏండ్లు హాస్టల్ మెస్సుల వండి మీ నాయినను చదివిచ్చిన. పూజ చేసుకుంటె బుద్ధి ఉండదనుకున్నవా?"

ఆమెను బండి ఎక్కించుకుని పరుగెత్తాను. బూత్ గేటు మూసేశారు. పోలీసును బతిమాలాను, టైమైపోయిందన్నాడు. నాయనమ్మ ఇంకు లేని తన వేలు చూసుకుంది.

"ఆ పార్టీకి భవిష్యత్తు లేదంటవు కదా," అంది. "నీ అసుంటోళ్లు ఉన్నన్ని దినాలు దానికి ఏ రందీ లేదు బిడ్డా."

కనుక సమస్త ఓటర్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరి నెరిసిన జుట్టునూ, నూనూగు మీసాలనూ చూసి ఓటు లెక్కకట్టను. ఎవరి హక్కుకూ అడ్డు నిలబడను. ఈ ప్రమాణం రాసి నాయనమ్మకు చదివి వినిపిస్తే, సాక్షి సంతకం మాత్రం పెట్టనంది.