కుర్చీ ఎత్తు కంచె

మొక్కలు అమ్మేవాడికి అమ్మిన మొక్క రొట్టెల సంచిలో తిరిగి రావడం కంటే అవమానం లేదు. నోరీన్ క్విగ్లీ నా బల్ల మీద సంచి బోర్లించింది. కంచె కోసం నేనమ్మిన పన్నెండు లిల్లీపిల్లీ మొక్కల మోళ్ళు పడ్డాయి. ఒక్క చిగురు లేదు, ఒక్క ఆకు లేదు.

"ఉప్పుగాలికి తట్టుకుంటాయన్నావు."

"తట్టుకున్నాయిగా. ఎక్కడా ఎండలేదు."

"ఎండటానికి మిగిలితేగా. పోసమ్ తినేస్తుందని చెప్పాలని తోచలేదా నాయనా? కాలేజీలో ఆ పాఠం రాకముందే పారిపోయొచ్చావా?"

నా చదువు సంగతి ఊరంతటికీ తెలుసు. సగంలో మానేసి వచ్చిన మాట నిజమే.

పోసమ్ అంటే పిల్లంత ఉండే, చెట్లెక్కే జంతువు. పొద్దుగూకగానే ఇంటికప్పు దిగి, కంచె మీదుగా నడిచొచ్చి లేత చిగుళ్ళు మేసిపోతుంది. దాన్ని చంపడానికి చట్టం ఒప్పుకోదు. బోను పెట్టి పట్టినా యాభై మీటర్ల లోపే వదలాలి, అంటే మళ్ళీ మన పెరట్లోనే. మా తీరంలో మొక్క నాటినవాడు నైరుతి గాలికీ, ఉప్పుకీ, దీనికీ, ముగ్గురికీ జవాబు చెప్పుకోవాలి.

నోరీన్‌కు తోట సరదా ఏనాడూ లేదు. రేవు దగ్గర చేపల షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్ళు కత్తి పట్టిన మనిషి. ఆమెకు కావలసింది గాలికి అడ్డు. భర్త లెస్ బాయిలర్ గొట్టాలకు ఆస్బెస్టాస్ చుట్టే పనిలో ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. ఎదురుగాలి కొడితే అతనికి ఊపిరాడదు. శనివారం మధ్యాహ్నం వెనక వరండాలో కూర్చుని రేడియోలో ఫుట్‌బాల్ వినడమే అతనికి మిగిలిన విలాసం. అదీ మానేసి రెండేళ్ళయింది. నోరీన్ రేకులు కడితే గాలి రెండుసార్లు పక్కింటి పెరట్లోకి విసిరేసింది.

"జీవకంచె ఎదగాలంటే మూడేళ్ళు పడుతుంది," అన్నాను. అతనికి మూడేళ్ళున్నాయా అని పైకి అనలేదు. అయినా ఆమెకు వినబడింది.

"మనిషెత్తు ఎవడికి కావాలి? ఆయన కూర్చునుంటాడు. కుర్చీ ఎత్తు చాలు."

ఆ రోజు నా దగ్గర తొమ్మిది రకాల కొమ్మలు తుంచుకుని పోయింది, ఊరికే. ముందు వాటిని సముద్రపు నీళ్ళ బకెట్లో ముంచింది. తర్వాత మూడు రోజులు బట్టల తీగకు వేలాడదీసింది. నల్లబడినవి పారేసింది. మిగిలిన రకాల తాజా కొమ్మలు మళ్ళీ తీసుకుపోయి, సాయంత్రం కంచెకు బట్టల క్లిప్పులతో తగిలించి, పొద్దున్నే చూసుకుంది. నేను కాలేజీలో రాసిన పరీక్షలు ఇంత కఠినంగా లేవు. చివరికి నెగ్గింది ఒక్కటే, మేం తీరపు రోజ్‌మేరీ అనే బూడిదరంగు పొద. ఆకు చిన్నది, గట్టిది. పోసమ్ ఒకసారి కొరికి ఉమ్మేసిందట.

ఏప్రిల్‌లో పద్నాలుగు మొక్కలు నాటింది. ఆగస్టులో, మా చలికాలంలో, నాకు కబురొచ్చింది. వెళ్ళి చూస్తే వరస మధ్యలో మూడు విరిగిపడి ఉన్నాయి.

"మళ్ళీ తినేసింది," అన్నాను.

నోరీన్ మోకాళ్ళ మీద కూర్చుని, విరిగిన కొమ్మను చేపను చూసినట్టు తిప్పి చూసింది, బొటనవేలితో తడిమింది. "పంటిగాటు లేదు. తినలేదు, దూకింది." తలెత్తింది. సరిగ్గా పైన లెస్ గది కిటికీ. గట్టు మీద గోళ్ళ గీతలు, వెజిమైట్ అనే ఉప్పటి నల్ల పేస్టు రాసిన రొట్టె అంచు ఒకటి.

"లెస్."

"ఊఁ."

"ఎన్నాళ్ళ నుంచి?"

కిటికీ లోపలి నుంచి ఆయాసపు గొంతు వచ్చింది. "రెండు చలికాలాలు. సాయంత్రమయ్యేసరికి వస్తుంది. నేను దగ్గితే మొహం అదోలా పెట్టదు."

"ఇక్కడ నేను దాంతో యుద్ధం చేస్తుంటే, నువ్వు దాన్ని మేపుతున్నావన్నమాట."

"ఎలాగూ గెలిచేది నువ్వే కదా నోరీ. దాని పక్షాన ఒకడైనా ఉండొద్దూ?"

నాకు నవ్వొచ్చింది.

"నువ్వు నవ్వడానికొచ్చావా, మూడు మొక్కలు తెచ్చావా?" అంది నోరీన్.

"మేపడం ఆపించండి, అయిపోతుంది."

కుళ్ళిన చేపను చూసినట్టు చూసింది నన్ను. "ఆయనకు ఊరట ఉన్నదే రెండిట్లో. ఒకదాని కోసం రెండోది తీసెయ్యమంటావా?"

పెరటి షెడ్డులోకి పోయి పీతల బుట్టలకు కట్టే పాత మోకు తెచ్చింది. కంచె మూలనున్న గుంజ నుంచి కిటికీ కొక్కెం దాకా, మొక్కల మీదుగా బిగించి కట్టింది. వారం రోజులు పోసమ్ దాన్ని ఖాతరు చెయ్యలేదు. ఇంకో మొక్క విరిగింది. నోరీన్ మొక్క మార్చి, మోకు పొడవునా వెజిమైట్ పూసింది. మర్నాటి సాయంత్రం అది మోకు మీద నడిచొచ్చి రొట్టె తీసుకుని, మోకు మీదే తిరిగి వెళ్ళిందని లెస్ నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. పక్కనుంచి నోరీన్ గొణుగుడు వినబడింది: "దానికున్నపాటి బుద్ధి నీకుంటేనా."

మరుసటి ఆగస్టులో ఒక శనివారం ఎరువు సంచి దింపడానికి వెళ్ళాను. నైరుతి గాలి వీధి తలుపును నా చేతిలోంచి లాక్కుంది. వెనక వరండాలో నోరీన్ కుర్చీ వేసి, లెస్‌ను నడిపించుకొచ్చి కూర్చోబెట్టింది. రేడియో పెట్టింది. పొదలు ఒంగుతున్నాయి, లేస్తున్నాయి. వాటి పైన మోకు ఊగుతోంది. లెస్ నెత్తిమీద నాలుగు తెల్ల వెంట్రుకలు మాత్రం నిలబడి రెపరెపలాడుతున్నాయి.

"రెండు వేళ్ళు తక్కువైంది నోరీ. గాలి నెత్తికి తగులుతోంది."

"ఊపిరాడుతోందా?"

"ఆడుతోంది."

"అయితే టోపీ పెట్టుకో."

ఆటలో ఆఖరిదైన నాలుగో క్వార్టర్ ముగిసేదాకా అతను లోపలికి రాలేదు. మా జట్టు ఓడిపోయింది.