కాటా మీద గొంతు

ఆయుధపూజకి లారీ ముందు కొబ్బరికాయ కొడతారు, సరే. కంప్యూటర్ మీద కొడతారేటి? మా బావగారు కొట్టారు. నరసన్నపేట దగ్గర హైవే పక్కన ఆయనకి లారీలు తూచే కాటా ఉన్నాది. పసుపు, కుంకుమ, బంతిపూల దండ అన్నీ అయ్యాక, ఆ కాటాని నడిపే కంప్యూటర్ పెట్టె మీదే ఠపీమని కాయ కొట్టారు. నీళ్ళన్నీ గాలి కన్నాల్లోంచి లోపలికి దిగిపోయాయి. అన్నేళ్ళు మొరాయించకుండా పనిచేసిన యంత్రం సుయ్‌మని ఆగిపోయింది.

"భక్తితోనే కదమ్మా కొట్టాను" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ పెట్టెలో నడిచేది మా ఆయన రాసిన ప్రోగ్రామ్. ఆయన పోయి నాలుగేళ్ళు. బండి కాటా ఎక్కగానే స్పీకర్లో ఆయన గొంతే పలికేది: "కదలకు మావా, తూగుతన్నాది!" ఆ గొంతు నా ఫోన్లోనూ ఉంది. ఒక్కసారీ వినలేదు. ఫోన్లో నేను నొక్కితేనే పలుకుతాడు. కాటా దగ్గరైతే నేను అడక్కుండానే, ఎవరి పని మీదో, తనంతట తనే పలికేవాడు. నాకు ఆ పలుకే కావాలి.

కంప్యూటర్ రిపేర్లే నా బతుకుతెరువు. కొత్త యంత్రం నా ముందు పెట్టారు. పాత డిస్కు తడవలేదు గానీ, దాని వైరు తగిలించే చోటే కొత్త బోర్డులో లేదు. ఆయన ప్రోగ్రామేమో పదిహేనేళ్ళ కిందటి లైనక్స్ అనే సిస్టమ్ మీదే నడుస్తుంది. ఆ లైనక్స్ పాత సీడీ పెట్టాను. కొత్త యంత్రంలో డిస్కు ఏదీ లేదంది. విప్పి చూస్తే వేలెడంత డిస్కు, బోర్డుకి అతుక్కుని భేషుగ్గా ఉంది. కళ్ళెదుట ఉన్నదాన్ని లేదంటాదేటి! మూడోసారి కూడా అదే మాట అనేసరికి కీబోర్డు విసిరికొట్టాను.

కాసేపటికి దానిమీద జాలేసింది. ఆ లైనక్స్ తయారైననాటికి ఇలాంటి డిస్కులు పుట్టనే లేదు. ఎరగనిదాన్ని లేదంది, అంతే. ఆయన పోయాక వచ్చిన పండగలన్నిటినీ నేనూ అలాగే లేవనుకున్నాను కదా.

"రేపు మొక్కజొన్న లారీలొస్తాయమ్మా. అవ్వకపోతే వేరే ప్రోగ్రామ్ వేయించేస్తాను. పోయినవాడు నాకూ తమ్ముడే, కానీ బళ్ళు ఆగవు కదా" అన్నారు బావగారు. ఆయన నా మొహం చూడలేదు.

లైనక్స్‌లో యంత్రాన్ని గుర్తుపట్టే భాగం ఒకటుంటుంది, కెర్నల్ అంటారు. అదొక్కటీ కొత్తది తెచ్చి పెన్‌డ్రైవులో పెట్టాను. యంత్రం దాన్నుంచి లేచి కొత్త డిస్కుని గుర్తుపడుతుంది. పాత డిస్కుని యూఎస్‌బీ అడాప్టరుతో తగిలించి, దాన్లోంచి ఆయన రాసిందంతా కొత్తదాని మీదికి అక్షరం మార్చకుండా దింపాను.

పొద్దున్నే సాలూరు లారీ ఒకటి కాటా ఎక్కింది. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు.

"కదలకు మావా, తూగుతన్నాది!"

ముసలి డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. మా ఆయన దినానికి కూడా మా ఇంటికొచ్చి, భోంచేసి వెళ్ళినవాడే. స్పీకర్ వైపు చూసి, "నానెక్కడ కదిలానురా! ఇన్నాళ్ళూ ఏటైపోనావు?" అని కేకేశాడు.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

"కొబ్బరినీళ్ళు తాగి పడుకున్నాడు మావా" అన్నాను. "ఇప్పుడే లేపాను."