నాన్న ఎడమకాలు, తెనాలి మోటారుసైకిళ్లు

మా నాన్న రోజూ అడవులదీవి నుంచి రేపల్లెకు సైకిలు మీద చేపల గంప తీసుకెళ్తాడు. రెండేళ్ల కిందట ఒడ్డుకొస్తున్న పడవ అలకు తిరగబడి ఆయన కుడి మోకాలిని నొక్కేసింది. అప్పటి నుంచి వేట మానేశాడు. సైకిలు కూడా నిజానికి ఎడమకాలితోనే తొక్కుతాడు, కుడికాలు పెడలు మీద ఊరికే కూర్చుని తిరుగుతుంది. ఈ చలికాలంలో అదీ కష్టమైపోయింది. ఎండెక్కే లోపు రేపల్లె చేరకపోతే చేప మెత్తబడుతుంది. అలాంటి రోజుల్లో రేపల్లె బస్టాండులో ఎవరో పంచిన కరపత్రం ఒకటి నాన్న రొంటిన దోపుకుని తెచ్చాడు. బాపట్లలో టీచరు ట్రైనింగు చదువుతున్న నేను శనివారం ఇంటికొచ్చేసరికి అది చెమటకు తడిసి, మడతల దగ్గర చిరిగి ఉంది. మా ఇంట్లో అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే. తెనాలిలో ఆదివారం మోటారుసైకిళ్ల ప్రదర్శన అనీ, ప్రవేశం ఉచితం అనీ నాన్న నా చేత మూడుసార్లు చదివించుకున్నాడు.

"దాన్ని కాలితో తన్ని లేపాలంటగా. నా కాలికి లొంగుద్దో లేదో చూసొద్దాం" అన్నాడు.

అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. ఆ కాలికి ఏ బండీ లొంగకపోతే గంప తన నెత్తికెత్తుకోవాలని అమ్మ ఎప్పుడో అనుకుంది. ఆ మాట నాన్నతో మాత్రం అనలేదు.

మా ఊరి మీదుగా రేపల్లె వెళ్లే మొదటి బస్సు తెల్లవారుజామున అయిదున్నరకు వస్తుంది. నాన్న పెళ్లిళ్లకు తప్ప తీయని తెల్లచొక్కా వేసుకుని, తెల్లపంచె కట్టుకున్నాడు. అమ్మ పెరుగన్నం గిన్నెను గుడ్డలో మూటగట్టింది. నాన్నను రోజూ దారిలో దాటుకుంటూ పోయే కండక్టరు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఏంటి బాబాయ్, ఇయ్యాల గంపా లేదు, సైకిలూ లేదు. అత్తారింటికా?"

"అత్తారిల్లు మా వీధేరా. తెనాలికి" అన్నాడు నాన్న.

రేపల్లెలో దిగి స్టేషనుకు నడిస్తే ఏడు గంటల ప్యాసింజరు దొరుకుతుంది. మూడో తరగతి టిక్కెట్టు తలకు రూపాయి లోపే. తెనాలి చేరడానికి గంటంపావు పడుతుంది. బాపట్ల నుంచి వచ్చేవారికి పెద్ద లైను మీద తెనాలికి నేరుగా రైళ్లున్నాయి గాని, వీలైతే ఒక్కసారి ఈ రేపల్లె రైలెక్కండి. ఆ ఉదయం పొలాల మీద మంచు ఇంకా లేవలేదు. పక్కనే కాలవ వస్తున్నట్టే ఉంది గాని నీళ్లు కనిపించలేదు. మంచు మీద ఒక మనిషి నడుముదాకా తేలుతూ పోతుంటే అతని కింద పడవ ఉందని కాసేపటికి గాని తెలియలేదు. భట్టిప్రోలు దాటాక ఎండ వచ్చి కొంగలన్నీ ఒక్కసారే తెల్లగా బయటపడ్డాయి. రైలెక్కడం అమ్మకు ఇది రెండోసారి. కిటికీ చువ్వ పట్టుకుని, నిద్రలో ఉన్నదానిలా, రెప్ప వేయకుండా చూసింది. వేమూరు వచ్చినా ఆ చువ్వ వదల్లేదు.

తెనాలి స్టేషను బయట హోటల్లో ప్లేటు ఇడ్లీ పావలా. ప్రదర్శన ఎక్కడని అడిగితే ఇడ్లీలు దించుతున్న వంటాయన చెయ్యి కూడా ఆపకుండా, పెట్రోలు వాసనొచ్చే వైపు పోండమ్మా అన్నాడు. నిజంగానే అలా వెళ్లాం. కాలవ వంతెన దాటి, ఇరవై నిమిషాలు నడిచేసరికి మైదానంలో షామియానా కనిపించింది. లోపల పదో పన్నెండో బండ్లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. షామియానా గుడ్డలోంచి దిగే ఎర్రటి వెలుతురు ట్యాంకుల మీద పడి నీళ్లలా కదులుతోంది. ప్రతి ట్యాంకులోనూ మా ముగ్గురి ముఖాలూ సాగి, వంగి, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి జరుగుతుంటే నాకు కాసేపు మా వాళ్లెవరో బండ్ల లోపలి నుంచి మమ్మల్ని చూస్తున్నట్టే అనిపించింది.

నాన్న మొదటి బండి దగ్గర చెప్పులు విడిచాడు. నేను బండి ముందు పెట్టిన అట్టమీది అక్షరాలు చదువుతుంటే ఆయన వినకుండా నేలమీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. మా ఊళ్లో పడవ కొనేవాడు పైనుంచి చూడడు. ఒడ్డుకు లాగించి, అడుగు చూస్తాడు. ఉప్పు చెక్కను ఎక్కడ తింటుందో అక్కడే తెలుస్తుంది. జనం పోగయ్యారు. గోళ్లదాకా పసుపు పట్టిన దుగ్గిరాల రైతు ఒకాయన వంగి చూసి, "ఏం మావా, కింద చేపలేమన్నా పడతన్నాయా?" అన్నాడు. అందరూ నవ్వారు. బండ్లు చూపించే మెకానిక్కు మాత్రం నవ్వలేదు. ఆయన కూడా చతికిలబడి కూర్చుని, నాన్న వేలు పెట్టిన చోటల్లా అదేమిటో చెప్పాడు.

అప్పుడు నాన్న తన్ని చూస్తానన్నాడు. మెకానిక్కు ఒప్పుకుని పెట్రోలు వదిలే చిలక తిప్పాడు. చెప్పులేసుకోమంటే నాన్న ఆశ్చర్యపోయాడు. పడవలోకి చెప్పులతో ఎవరైనా అడుగుపెడతారా అని అడిగాడు. తన్నే కడ్డీ కుడిపక్కనుంది. వట్టి కుడికాలితోనే తన్నాడు. కడ్డీ సగం దిగి ఆగిపోయింది. రెండోసారి దిగింది గాని బండి దగ్గి ఊరుకుంది. మూడోసారి కడ్డీ వెనక్కి ఎగిరి అరికాలిని కొట్టింది. నాన్న కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు, దుగ్గిరాల రైతు కూడా. అమ్మ అటు తిరిగి గిన్నె మూటను విప్పి మళ్లీ కట్టింది.

నాకు ఏడుపొచ్చింది. ఏదైనా చెయ్యాలని మిగతా బండ్ల దగ్గరికెళ్లి అట్టలన్నీ గబగబా చదివాను. బరువు, వేగం, లీటరుకు ఎంత దూరం. తేలికైనది ఏదో ఒకటి ఉండకపోతుందా అని వెతికాను. ఎంత చదివినా మోకాలి సంగతి ఏ అట్ట మీదా లేదు. వెనక్కి తిరిగి చూస్తే నాన్న లేడు. చివరి బండి కింద నుంచి రెండు పాదాలు కనిపించాయి.

"అమ్మాయ్" అన్నాడు కిందనుంచే. "దీని తెడ్డు ఎడమపక్కనుందే."

తన్నే కడ్డీని తెడ్డంటున్నాడని అర్థమై మెకానిక్కు నుదురు కొట్టుకున్నాడు. అవునండి, ఈ రకానికి అటే ఉంటుంది, నాకు తట్టలేదన్నాడు. ఎర్రటి బండి అది. నాన్న దాని ట్యాంకును ముట్టి చేతిని కళ్లకద్దుకుని, ఈసారి మెకానిక్కు మాట విని చెప్పు వేసుకున్నాడు, ఎడమకాలికి మాత్రమే. మొదటి తన్నుకు దగ్గింది. రెండో తన్నుకు లేచింది. ఆ చప్పుడు నా పాదాల్లోంచి పైకి వచ్చింది. నాన్న రెండు చేతులూ హ్యాండిలు మీద పెట్టి ఎదురుగా, షామియానా గుడ్డ అవతల ఎక్కడో సముద్రం ఉన్నట్టు చూస్తున్నాడు. అమ్మ వచ్చి సీటు మీద చెయ్యి ఆనించింది. చాలాసేపు తీయలేదు.

"ఒణుకుతుందేంటి ఇది" అంది చివరికి.

"బతికుంది కదా మరి" అన్నాడు నాన్న.

కొత్తబండి మాకందేది కాదు. పాతది ఎక్కడైనా వస్తే కబురు పెడతానని మెకానిక్కు మా ఊరి పేరు రాసుకున్నాడు. పాతదైనా సరే, తెడ్డు ఎడమపక్కనుండాలని నాన్న రెండుసార్లు చెప్పాడు. కాలవ గట్టున పెరుగన్నం తిని సాయంత్రం ప్యాసింజరు ఎక్కాం.

ఇది జరిగి నెల దాటింది. కబురింకా రాలేదు, నాన్న సైకిలు మీదే వెళ్తున్నాడు. నేను బాపట్ల హాస్టల్లో పుస్తకం తెరిచినప్పుడల్లా ఆ తిరుగు ప్రయాణమే గుర్తొస్తుంది. పొలాల మీద మళ్లీ మంచు దిగుతోంది. నాన్న తల అమ్మ భుజం మీద వాలింది. నిద్రలో ఆయన ఎడమకాలు రైలుపెట్టె నేలను మెల్లగా, ఒకటి, రెండు, తొక్కుతోంది. అమ్మ నాకు సైగ చేసి ఆ కాలిని చూపించింది. రేపల్లె వచ్చేదాకా ఆయన్ని లేపొద్దని కళ్లతోనే చెప్పింది. గంప నెత్తికెత్తుకునే ఆలోచన అమ్మ అక్కడే ఎక్కడో, వేమూరుకూ భట్టిప్రోలుకూ మధ్య వదిలేసిందనుకుంటాను.

ఇలాంటి ప్రదర్శనకు వెళ్లేవారికి నేను చెప్పగలిగిందొకటే. అట్టలు చదవండి, తర్వాత అడిగి బండి కింద కూడా చూడండి. అందుకోసం తెల్లబట్టలు మాత్రం వేసుకోకండి. నాన్న చొక్కా వీపు మీద అరచేయంత నూనె మరక పడింది. అమ్మ సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికింది. మూడోసారి మరకను ఎండలో పట్టుకుని చూసి, ఉండనీలే అని మడతపెట్టి దాచింది.